తారీకు అడిగిన డాక్టరు

మానసిక వైద్యం పరీక్షకు నెలే ఉంది. చోడవరం ఆసుపత్రిలో రోగులను చూస్తూనే చదువుతున్నాను; పాసవుతానని ధీమా.

ఈ ఉదయం చీడికాడ రైతొకడు తండ్రిని తీసుకొచ్చి, "మా అయ్యకి మతి పోనాది, పిచ్చాసుపత్రికి కాయితం రాసీండి బాబూ" అన్నాడు.

పుస్తకంలోని ప్రశ్నే ముసలాయన్ని అడిగాను. "ఈ రోజు తారీకెంత?"

"తారీకుతో నాకేటి పని బాబూ? రేపు సంత. ఎల్లుండి అమాస, సెరుకు నరకకూడదు. పోనీ తమరు సెప్పండి."

గోడ క్యాలెండరు చూసి దర్జాగా చెప్పాను. కాంపౌండరు దగ్గాడు. "అది నాలుగు రోజుల నాటి కాయితం బాబూ. తమరు సదువులో పడి సింపలేదు."

పిచ్చాసుపత్రికి కాగితం రాయలేదు. నా పరీక్ష నేనెలాగూ పాసవుతాను. ముసలాయన తనది ఈ రోజే పాసయ్యాడు. నిజం చెప్పండి, ఎల్లుండి అమావాస్యని మీలో ఎందరికి తెలుసు?