శీనుగాడి మేడ మీద గది

ఇవాళ మధ్యాహ్నం ఆత్మకూరులో, మా వెల్డింగ్ షాపు పక్క టీ బంకు దగ్గర, నా స్నేహితుడు శీనుగాడితో మళ్లీ కామిక్స్ గొడవ. మేమిద్దరం చదివే కామిక్ కథలో పుట్టుకతో శక్తులొచ్చిన మ్యూటెంట్లంటే జనానికి అసహ్యం. పాత సంచికలో తను మ్యూటెంట్‌నని అందరి ముందూ చెప్పిన హీరో, కొత్త సంచికలో మామూలు మనిషిలా దాక్కుని బతుకుతున్నాడు. రచయిత పాత కథ మరిచిపోయాడని నేను, హీరో పిరికివాడైపోయాడని వాడు.

“పుట్టుకను దాచుకునేదేందిరా? అసహ్యించుకునేవాళ్లు కదా సిగ్గుపడాల!” అని శీను బల్ల గుద్దాడు.

నాకు ముచ్చటేసింది. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో నిలబడి వచ్చి నడుము పోతోంది. వాళ్ల మేడ మీద గది ఖాళీగా ఉంది, అద్దెకిమ్మని అడిగాను.

వాడు గ్లాసులోకి చూశాడు. “నాకేం లేదురా. నాయన మీరు ఏ కులమోళ్లని అడుగుతాడు. ఇంకో కులం పేరు చెప్పు, సరిపోతాది.”

“మరి హీరోని పిరికోడన్నావే?”

“అది కథరా. ఇది ఇల్లు.”

ఆ గది వద్దని చెప్పి లేచి షాపులోకి వెళ్లాను. సాయంత్రం మళ్లీ నిలబడే ఇంటికొచ్చాను. ఆత్మకూరులో కులం అడగకుండా గది ఇచ్చేవాళ్లు తెలిస్తే కింద కామెంట్లలో రాయండి. కామిక్స్ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.