తిరుమలగిరి మేడ మీద దొరసాని లేదు

మొదట ఒక సంగతి తేల్చేద్దాం. తిరుమలగిరిలో ఒక మేడ మీద ఇంగ్లీషు దొరసాని దయ్యం ఉందని, అద్దెకు దిగిన ఆడవాళ్ల మెడ కొరికి రక్తం తాగుతుందని, ఒక కొత్త పెళ్లికూతురు అలాగే చచ్చిపోయిందని చెప్పుకుంటున్నారు. ఈమధ్య ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ ఈ కథ నాకే చెప్పింది, పంటిగాట్లు తన కళ్లతో చూసినట్టు. అంతా అబద్ధం. ఆ మేడ కట్టించింది మొన్న మొన్న, నా కళ్లముందు. అందులోకి దొరసాని ఎక్కడి నుంచి వస్తుంది? మెడ మీద గాట్లు ఏవీ లేవు. చచ్చిపోయిందంటున్న పెళ్లికూతురు నా చెల్లెలు సుధ. దానికి పెళ్లయి చాలా ఏళ్లయింది. బతికే ఉంది. నిన్న ఫోన్‌లో నాతో పోట్లాడింది కూడా.

నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు. డిగ్రీలో జువాలజీ చదివాను. ఎవరు దయ్యం కథ మొదలుపెట్టినా మధ్యలో ప్రశ్నలు వేసి పాడు చేస్తానని మావాళ్లలో నాకు పేరు. అందుకే ఇక్కడ నేను చూసింది, విన్నది మాత్రమే రాస్తున్నాను.

సుధ, దాని మొగుడు, అంటే మా మరిది, ఆ ఇంట్లో పై వాటాలో ఉండేవారు. కింద ఇంటాయన, ఆయన భార్య లక్ష్మి, ఆయన తల్లి. ఆ తల్లిని అందరూ అవ్వ అనేవారు. పగలంతా వరండాలో మంచం మీద ఉండేది. సుధ తను పాఠాలు చెప్పే బడికి పోతూ "వెళ్లొస్త అవ్వా" అని చెప్పి పోయేది. వచ్చాక కాసేపు ఆమె పక్కన కూర్చునేది. "ఒక్కసారన్న పైకి రా అవ్వా, చాయ్ పెడత" అని రోజూ పిలిచేది.

"నా మోకాళ్లు రానియ్యాలె గద బిడ్డా. నేను మెట్లెక్కుడు ఇగ సచ్చినంకనే" అని అవ్వ నవ్వేది.

ఆ అవ్వ ఒకనాడు నిద్రలోనే పోయింది. శవాన్ని వరండాలో పడుకోబెట్టారు. చావింట్లోంచి లేచేటప్పుడు వెళ్లొస్తామని ఎవరూ అనరు, ఇంటివాళ్లు మళ్లీ రమ్మనరు. నోరు మూసుకుని లేచి వచ్చేయాలి. మాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. సుధకు తెలియక కాదు. ఏడుపులో, రోజూ అలవాటైన నోరు కదా, శవం చెయ్యి పట్టుకుని "వెళ్లొస్త అవ్వా. ఇప్పుడన్న పైకి రా" అనేసింది.

లక్ష్మి మేనత్త గబుక్కున దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏం మాటమ్మా గది? పీనుగును ఇంటికి పిలుస్తరా ఎవరన్న?"

నేను ఆవిడ మీదికి లేచాను. ఏడ్చేదాన్ని ఏడవనియ్యరా అని నలుగురిలో అడిగేశాను. అప్పుడు నాకది మూఢత్వంగానే కనిపించింది.

కొన్ని వారాలకు సుధ పాలిపోవడం మొదలైంది. మొదట గోళ్లు, తర్వాత పెదవులు. పళ్లెం ఎత్తితే ఆయాసం. ఆస్పత్రిలో చేర్చితే ఒంట్లో రక్తం సగం కూడా లేదన్నారు. కడుపులోకి గొట్టం వేసి చూశారు, పురుగులకు చూశారు, ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి.

"రక్తం తయారవుతోంది మేడం, ఎక్కడా కారడం లేదు. ఎటు పోతోందో మాకూ అర్థం కావట్లేదు" అన్నాడు డాక్టరు.

"మీకే అర్థం కాకపోతే ఎవరినడగాలి, గేటు దగ్గర వాచ్‌మన్‌నా?" అన్నాను. పాపం, ఆయన ఇంకో పరీక్ష రాసిచ్చాడు.

నాదీ సుధదీ ఒకటే గ్రూపు. నా రక్తమే ఎక్కించారు. బుగ్గల్లోకి రంగు వచ్చింది, తిండి తింది, నన్ను తిట్టింది కూడా. సంతోషంగా ఇంటికి తెచ్చాం. పది రోజులు కాకముందే గోళ్లు మళ్లీ సున్నం పూసినట్టు అయ్యాయి. మళ్లీ ఆస్పత్రి, ఈసారి మరిది వైపు వాళ్ల రక్తం. అదీ అంతే. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు నిలుస్తుంది, ఇంటికి వస్తే పోతుంది. ఇంట్లోనే ఏదో ఉందని నీళ్లు పరీక్ష చేయించాను, గిన్నెలు మార్పించాను, గోడల రంగు గీకించాను.

అప్పుడు చెప్పింది సుధ.

"మధ్యాహ్నం అవ్వ వస్తది అక్కా. ఈ కుర్చీల కూసుంటది. చేతులు మస్తు సల్లగుంటయి. జెర పట్టుకో బిడ్డా అంటది. పట్టుకుంట."

"రక్తం తక్కువైతే గిట్లనే లేనివి కనిపిస్తయి. పొమ్మను."

"నేనే పిలిచి నేనే పొమ్మని ఎట్లంట?"

"ఉత్త ఊహనే గద సుధా. అనెయ్."

"ఊహ అయితె పొమ్మంటే ఏంది, ఉండుమంటే ఏంది? నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

వాదనలో నన్ను ఎవరూ గెలవరు. ఆ రోజు నేనే మాట మార్చాను. ఇల్లు మారదామంటే దానికీ ఒప్పుకోలేదు. అంత కష్టపడి ఎక్కొచ్చిన ముసలామె తాళం చూసి పోవాలా అంది. ఎవరినీ నొప్పించకూడదన్న ఆ మంచితనమే నా చెల్లెల్ని చంపుతోందని నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంకోసారి రక్తం ఇంతలా పడిపోతే గుండె తట్టుకోదని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఆ ఇంకోసారి వచ్చేసింది. మధ్యాహ్నం భోజనాల వేళ మరిది ఫోన్ చేశాడు. రెజిమెంటల్ బజార్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో పరుగెత్తాను. సుధ లేచి నిలబడలేకపోతోంది. అంబులెన్సుకు సందు కనిపించదేమోనని మరిది రోడ్డు మీదికి పోయాడు. గదిలో నేను, అది.

సుధ కళ్లు మూసుకుని ఉంది. దాని చెయ్యి మంచం మీంచి మెల్లగా పక్కకు జరిగింది. నవారు కుర్చీ చేతి మీద ఆనుకుని, అరచెయ్యి పైకి తిరిగి ఆగింది. నిద్రలో కదిలిందనుకున్నాను. తర్వాత మణికట్టు చూశాను. చర్మం మీద నాలుగు తెల్లని నొక్కులు, వేళ్లతో గట్టిగా పట్టుకున్నట్టు. చర్మం నొక్కి వదిలితే రంగు తిరిగి రావాలి. రాలేదు. నా కళ్లముందే ఆ తెలుపు మోచేతి దాకా పాకింది. కుర్చీ నవారు మధ్యలోకి కుంగి ఉంది. అందులో ఎవరూ లేరు.

చెయ్యి లాగాను. రాలేదు. ఎముకలు తేలిన ఆ చేతిని కదపలేకపోయాను.

ముందు తిట్టాను. లేవమన్నాను, ఇది నీ ఇల్లు కాదన్నాను. తర్వాత దండం పెట్టాను. ఏమీ కాలేదు. సుధ ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోంది. చివరికి నేల మీద కూర్చుని ఆ ఖాళీ కుర్చీతో అన్నాను.

"అవ్వా, దీని ఒంట్ల ఇంకేం లేదు. దీన్ని ఇడిచిపెట్టు. నా ఇంటికి రా. కింది ఇల్లే, మెట్లు లేవు. నీకు తక్లీఫ్ ఉండదు. రోజూ రా. నా చేతులు పట్టుకో."

మర్యాదకు అన్న మాట కాదది. జీవితంలో ఎవరినీ నేను అలా పిలవలేదు.

నవారు కిర్రుమని మెల్లగా పైకి లేచింది. సుధ చెయ్యి దభీమని కింద పడింది. మెట్ల మీద చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి, మళ్లీ దిగుతున్న చప్పుడు.

అంబులెన్సు వచ్చేసింది. సుధను కిందికి దించుతుంటే లక్ష్మి వరండాలో గోడకు అతుక్కుని నిలబడి ఉంది. "ఇంతకముందు దిగింది ఎవరక్కా?" అని అడిగింది. "అచ్చం మా అత్తమ్మ నడక లెక్కనే ఉండె. తొంగి చూస్తె ఎవ్వరు లేరు."

లక్ష్మి ఈ సంగతి పక్కింటామెకు చెప్పింది. అక్కడి నుంచి ఒక్కొక్కరూ కొంత చేర్చుకుంటూ పోయి, అందరినీ బిడ్డా అని పిలిచిన ముసలామెను కోరల దొరసానిని చేశారు. ఆమె చేసిన తప్పల్లా పిలిస్తే రావడం.

ఆ సాయంత్రం ఎక్కించిన రక్తం నిలిచింది. సుధ అదే ఇంటికి, అదే గదికి తిరిగి వచ్చింది. మళ్లీ రక్తం తగ్గలేదు. మందులు పనిచేశాయంటాడు డాక్టరు. ఏ మందు అంటే చెప్పలేడు. కుర్చీ గురించి అడిగితే సుధ మాట మారుస్తుంది.

నేను మాట ఇచ్చినదాన్ని. మధ్యాహ్నం వీధి తలుపుకు గడియ పెట్టను. మా ఆయన ఎండ పడుతోందని మూస్తే మళ్లీ తీస్తాను. ధైర్యం ఉండి కాదు. నేను మాట తప్పితే మళ్లీ దాని దగ్గరికే పోతుందేమోనని. రోజూ గోళ్లు చూసుకుంటాను. ఎర్రగానే ఉన్నాయి. ఇంతవరకు ఎవరూ రాలేదు.

అదే నాకు అంతు పట్టడం లేదు. చెల్లెలు ఏడుపులో ఒక మాట జారితే అన్ని మెట్లు ఎక్కివచ్చిన మనిషి, నేను అంతగా బతిమాలితే ఒక్క మెట్టు కూడా లేని ఇంటికి ఎందుకు రాలేదు? నా దగ్గరికి రాకపోతే, ఆ రోజు ఆ మెట్లు దిగి ఎవరింటికి పోయింది?