లోపలి నుంచి తుడిచిన అద్దం

నవ్వుకుంటారని తెలుసు. అయినా చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించి ఉంటే నా కళ్ళు పోతాయి... ఆ కళ్ళతోనే చూశాను మరి. అయినా కల్పించి చెప్పేవాడినైతే, నన్ను నేను ఇంత వెధవగా చూపించుకుంటానా?

మాది భీమవరం శివారు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు రిపేరు చేస్తాను. ఖాళీ దొరికితే ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధ విమానాల మోడళ్ళు తయారు చేస్తాను. కింద వాటాలో సూర్రాజు గారని డెబ్బై అయిదేళ్ళ పెద్దాయన ఉంటారు. ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌గా చేశారు. ఓసారి నా బల్ల మీద నాట్ అనే బుల్లి యుద్ధ విమానం కిట్టు చూసి, అలాగే కుర్చీలో కూలబడిపోయారు. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన చూసుకున్నది ఆ రకం విమానాన్నేనట.

"పైలట్ గారు కూర్చోగానే నిచ్చెనెక్కి బెల్టులు బిగించేది నేనే బాబూ. బిగించి, భుజం మీద రెండుసార్లు తట్టేవాణ్ణి. ఆ తర్వాతే పైన అద్దం మూత మూసేది. ఒక్క రోజు నాకు జ్వరమొచ్చింది. వేరేవాళ్ళు కట్టారు. ఆ రోజు వెళ్ళిన విమానం తిరిగి రాలేదు" అన్నారు. కిట్టు పెట్టె దగ్గరికి జరుపుకుని, "దీనికి బెల్టు నన్ను కట్టనిస్తావా?" అని అడిగారు.

"అంతకంటేనాండీ! మీరు కట్టాకే మూత పెడతాను" అన్నాను.

మాటిచ్చాను. అది గుర్తుంచుకోండి.

మూడు నెలలు పట్టింది. రెక్కలు వంకర... అతుకులు కలవవు... పుట్టీ పెట్టడం, గీకడం, మళ్ళీ పెట్టడం. ముక్కులో బరువు వెయ్యకపోతే తోక మీద కూలబడుతుంది. చివరికి సీటు బెల్టు ఒక్కటే మిగిలింది. వెంట్రుకంత సన్నటి రేకు ముక్క. మర్నాడు విజయవాడలో మోడళ్ళ ప్రదర్శన. పెద్దాయనేమో పెనుగొండలో కూతురింటికి వెళ్ళారు, రాత్రికి వస్తానన్నారు.

నేను ఓపిక పట్టలేకపోయాను. ఆయనవి వణికే చేతులు... రంగు పాడు చేస్తారేమోనని భయం. నేనే కట్టేద్దామని ట్వీజర్‌తో పట్టుకున్నాను. జారింది. నేలంతా వెతికాను. లేదు. పోతే పోయింది, మూత పడ్డాక ఎవడికి కనిపిస్తుంది అనుకున్నాను. ఖాళీ సీటు మీద గాజులాంటి ఆ మూత పెట్టి సూపర్ గ్లూతో అతికించేశాను.

తొమ్మిదింటికి పెద్దాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "కట్టేద్దామా బాబూ?" అన్నారు.

"నేనే కట్టేశానండీ. మీకెందుకు శ్రమ అని..."

కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. "పర్లేదులే. కట్టావు కదా, అంతే చాలు" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ చొక్కా ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ వెనక్కి పిలవలేదు.

తిరిగి చూస్తే మూత లోపలంతా తెల్లగా పొగమంచులా పట్టేసింది. సూపర్ గ్లూ ఆవిరి అంతే. మా వైపు గాలిలో తేమకి మరీ ఎక్కువ. మూతకి అది వాడకూడదని ఈ పని కొత్తగా మొదలెట్టిన పిల్లలకి కూడా తెలుసు. సూది మోపేంత చోటు కూడా వదలకుండా పట్టింది. పడుకునే ముందు రెండుసార్లు చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది. చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. జనరేటర్ మొదలవ్వడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో అంత నిశ్శబ్దం మా వైపు ఎప్పుడూ ఉండదు...

టక్... టక్.

కల అనుకున్నాను. కాదు... మళ్ళీ...

టక్... టక్.

బల్ల మీంచి. ప్లాస్టిక్ మీద గోరుతో కొట్టినట్టు. రెండే.

ఫోన్ లైటు వేశాను. విమానం ఉన్నచోటే ఉంది. దగ్గరికి వెళ్ళాను. మూత మీద ఒక్కచోట... కందిబద్దంత మేర... తెల్లదనం లేదు. బస్సు కిటికీకి ఆవిరి పడితే అరచేత్తో తుడుస్తామే, అలా కొంచెం వంపుగా. వేలితో రుద్దాను. బయట కాదు, లోపల. మూత లాగి చూశాను. కదల్లేదు.

అక్కడ కన్ను పెడితే సీటు కనిపిస్తుంది. పెట్టలేదు. భయమేసిందని చెబితే సగమే నిజం. లోపల ఎవరైనా ఉంటే, బెల్టు కట్టని నా మొహం ఎలా చూపించను? తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చున్నాను.

పొద్దున్నే విమానం తీసుకుని కిందికి వెళ్ళాను, ఒప్పుకుందామనే. నోటిదాకా వచ్చింది కూడా. ఈలోపే ఆయన భూతద్దం తెచ్చి, ఆ శుభ్రంగా ఉన్నచోట కన్ను పెట్టారు. చాలాసేపు చూశారు. తర్వాత మూత మీద గోరుతో కొట్టారు.

టక్... టక్. అదే శబ్దం.

"బాగా కట్టావు బాబూ. భుజం దగ్గర మెలిక కూడా పడలేదు" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

ప్రదర్శనకి వెళ్ళలేదు. విమానం ఆయనకే ఇచ్చేశాను. ఆ సాయంత్రం లుంగీ బకెట్లో నానబెడుతుంటే అంచుకి ఏదో అంటుకుని మెరిసింది... బెల్టు. ఇప్పటికీ నా దగ్గర మాత్రల డబ్బాలో ఉంది.

గ్లూ ఆవిరి ఆ ఒక్కచోట విడిపోయిందేమో. శబ్దం బల్లిదేమో. ఆయన నా అబద్ధం కనిపెట్టి, నా పరువు కాపాడారేమో. లేక నిజంగానే లోపల బెల్టు చూశారేమో. ఆయన టీవీ పక్కనే పెట్టుకున్నారు విమానాన్ని. రోజూ ఆ గది కిటికీ ముందు నుంచే వెళతాను, తల తిప్పకుండా. ఏం చూశారండీ అని అడగొచ్చు. అడగాలంటే ముందు నేను కట్టలేదని చెప్పాలి.

ఇవాళ్టి వరకు చెప్పలేదు.