కాజాలా, గౌను అంచా?

ఇల్లుగలాయన బట్ట ముందా, పెళ్లిపిల్ల బట్ట ముందా? నాకీనాటికీ జవాబు తెలియదు.

ఆబిడ్స్‌లో టైలరు వీరేశం మిషను పనంతా ముగించి చేతిపని చివరికి తోసేవాడు. ఆ సాయంత్రం అదే మెడకు చుట్టుకుంది. జాగీర్దారు షేర్వానీకి కాజాలు, మేబుల్ పెళ్లి గౌనుకు అంచు మిగిలిపోయాయి. తెల్లారితే వికారాబాదు చర్చిలో పెళ్లి. నాంపల్లి స్టేషనులో రైలుబండి సిద్ధంగా ఉంది.

"కాజాలు ముందు. ఈ దుకాణం మల్గి ఎవరిదో యాదికున్నదా? రేపే ఖాళీ చేపిస్త," అన్నాడు జాగీర్దారు మనిషి, పాన్ నములుతూ.

"అంచు లేకున్నా ఇయ్యి మామా, పోత," అంది మేబుల్ ఏడుపుగొంతుతో.

"గట్లెట్ల తొడుక్కుంటవ్ బిడ్డా?"

వీరేశం సూదీదారం జేబులో వేసుకున్నాడు. రైల్లోనే అంచు కుడదామని, గౌను చంకన పెట్టుకుని మేబుల్ వెంట స్టేషనుకు ఉరికాడు. దుకాణంలో కూర్చున్న జాగీర్దారు మనిషికి పోయొస్తానని కూడా చెప్పలేదు.