"లే సా" అన్నందుకు

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, అల్ హైల్ దగ్గర ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో నేను గడ్డికి నీళ్లు పట్టేవాణ్ణి. సున్నంతో గీతలు గీయడం, తెగిన వలలు కట్టడం కూడా నా డ్యూటీయే. గోల్‌కీపర్లకు ఆట నేర్పడానికి క్లబ్బువాళ్లు ఒక ఫ్రెంచాయన్ని తెచ్చుకున్నారు. ముప్పై ఆరేళ్లు, మంచి పొడగరి. చేతివేళ్లలో ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. తన దేశంలో పద్దెనిమిదేళ్లు గోల్‌కీపరుగా ఆడాడట. అందులో సగం బెంచీ మీద కూర్చోవడమేనని, పెద్ద జట్టులో చోటు దొరికిన నాలుగో ఏడు మోకాలు పోయిందని మా క్లబ్బులోనే పనిచేసే మొరాకో ఆయన చెప్పాడు. ఈ మొరాకో ఆయన ఆటగాళ్ల కాళ్లకు మాలిష్ చేసేవాడు. ఫ్రెంచి వచ్చు, నాతో మాత్రం అరబ్బీలో మాట్లాడేవాడు.

ఆ ఏడు ఫ్రెంచాయనకు సొంత ఊరి జట్టు నుంచి కబురొచ్చింది, మోకాలు సహకరిస్తే చివరగా ఒక్క సీజను ఆడమని. ఆట మొదలుపెట్టింది అక్కడేనట, ముగిస్తే అక్కడే ముగించాలని కోరిక. ఆ రోజు ఆయన ముఖం చూడాలి, అచ్చం పెళ్లికొడుకే! అప్పట్నుంచి సాయంత్రం అందరూ వెళ్లాక నన్ను బంతులు తన్నమనేవాడు. నాకా, తన్నడం చస్తే రాదు. ఎటు పోతుందో నాకే తెలియదు. అదే మంచి ప్రాక్టీసని నవ్వేవాడు.

"ఏందిరో, తెల్లోనికి బాలు తన్నుడు గూడ డ్యూటీలకే వస్తదా? ఇగ రేపట్నుంచి నువ్వు గూడ నిక్కరేస్కొని పో!" అని రూమ్‌లో అందరూ ఆటపట్టించేవాళ్లు.

ఎడమవైపు దూకినప్పుడల్లా ఆయన చప్పున లేవలేకపోయేవాడు. అలాగే గడ్డి మీద ఉండిపోతే నా ప్రాణం ఉసూరుమనేది. "లే సా! లే సా!" అని అరిచేవాణ్ణి. తెలుగు రానివాడికి "లెవ్వుండ్రి" అనే మర్యాదలెందుకని "లే" అనేసేవాణ్ణి. కంగారులో "సార్" కాస్తా "సా" అయ్యేది. ఆయన నా వైపు వింతగా చూసి, ఎలాగో లేచి నిలబడేవాడు.

ఒక సాయంత్రం ఎంతకీ లేవలేదు. పరుగెత్తి వెళ్లి పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేసి "లే సా... లే సా..." అని మెల్లగా బతిమాలాను. ఆయన కళ్లనిండా నీళ్లు. కాసేపటికి తల ఊపి, గ్లోవ్స్ విప్పి నా చేతిలో పెట్టాడు. ఉతకమంటున్నాడనుకుని ఉతికి ఆరేశాను.

మర్నాడు మొరాకో ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు.

"ఇక ఆడనని పొద్దున్నే ఊరి జట్టుకు ఫ్యాక్స్ పంపాడు. వాళ్లు ఇంకొకణ్ణి తీసేసుకున్నారు కూడా" అన్నాడు మొరాకో ఆయన. "భార్య, డాక్టరు, నేను, అందరం ఆడమనే అన్నాం. నువ్వొక్కడివే నిజం చెప్పావట, అదీ వాళ్ల భాషలో. వల్లా, దేవుడి తోడు చెప్పు, నీకు ఫ్రెంచి ఎప్పుడొచ్చింది?"

"నేనేం చెప్పాను?"

"రోజూ 'లే సా' అన్నావట కదా. ఫ్రెంచిలో 'ఇక వదిలెయ్' అని."

అయ్యో, లెమ్మన్నాను సార్, వదిలెయ్యమనలేదు అని చెప్పబోయాను. ఫ్రెంచాయన నా చెయ్యి పట్టుకుని, చాన్నాళ్లకు కంటినిండా నిద్రపోయి లేచినట్టు హాయిగా నవ్వుతున్నాడు. ఇప్పుడు చెప్పి ఏం లాభం? మాట మింగేశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లు ఆడిన మనిషి ఆటను, బంతి తిన్నగా తన్నడం కూడా రాని నేను ఆపేశాను.