చైన్ సెట్టుకు ఎద్దుల బేరం

ఆ కాలపు కోడళ్ల ఓర్పును ఎవరైనా పొగిడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఓర్పూ లేదు, పాడూ లేదు. నోరు తెరవనివ్వలేదు గనక ఊరుకున్నాం, అంతే. ఎనభైల మొదట్లో నాకు పెళ్లయిన కొత్తలో, మామ ఎదురుగా కోడలు కుర్చీలో కూర్చునేది కాదు, ఆమె గొంతు పైకి వినపడేది కాదు. ఏమైనా కావాలంటే పక్కకు తిరిగి గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకోవాలి. అట్లాంటి నాకు కుప్పం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. (పెళ్లికి ముందు మా నాన్న రాయించిన పరీక్ష. అత్తగారింట్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.) ఆర్డరు పుట్టింటికి పోయి, అక్కడినుంచి తిరిగి నా చేతికొచ్చేసరికి చేరడానికి ఒక్క రోజే మిగిలింది. ఆ సాయంత్రం అయిదులోపల ఆఫీసరు ముందు నిలబడకపోతే జాబితాలో నా తరవాతి పేరువాళ్లను పిలిచేస్తారు.

మా కాపురం మదనపల్లెలో. మా ఆయనకు ఎరువుల అంగట్లో పని, తోలడానికి ఎవరో వాడి వాడి విసిగి అమ్మేసిన మోటారు సైకిలు. బస్సులో పోదామంటే "బండి పెట్టుకోని బస్సేందే? మధ్యాన్నానికంతా కుప్పంలో ఉంటాం" అన్నాడు. నమ్మాను. (కొత్తగా పెళ్లయినవాళ్లు ఏదైనా నమ్ముతారు.) ట్రంకు పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. పుంగనూరులోకి వచ్చేసరికి ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. చూస్తే చైను సాగిపోయి ఉంది, దాన్ని తిప్పే పళ్లచక్రాల పళ్లు అరిగి కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. అది టకటకమంటోందని నేను ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నాను. "అది దాని అలవాటు" అనేవాడు మహానుభావుడు. ఇక చేసేదేముంది, ఇద్దరం బండిని తోసుకుంటూ బజారులోని స్పేర్ పార్టుల అంగడికి చేరాం.

అంగడాయన మహా మర్యాదస్థుడు. కొత్త చైనూ చక్రాలూ తీసి బల్ల మీద పెట్టి, "ముందర పళ్లచక్రంలో రెండు రకాలుండాయప్పా. పళ్లు ఎక్కువుండేది ఏస్తే బండి బాగా పరిగెత్తుతాది. తక్కువుండేది ఏస్తే స్పీడు తగ్గుతాది గానీ బరువు బాగా లాగుతాది. ఏదిమ్మంటావు?" అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. పరిగెత్తేదే అని నేను కళ్లతోనే చెప్పాను. బేరం అక్కడితో అయిపోవాల్సింది. సరిగ్గా అప్పుడే "ఏంరా, ఈడుండారు?" అంటూ మా మామ ఊడిపడ్డాడు.

మా మామది పెద్దపంజాణి దగ్గర పల్లె. ఆ పొద్దు పుంగనూరు సంతకు వచ్చాడు. చుట్టుపక్కల ఎవరు ఎద్దులు కొనాలన్నా ఆయన వెంట ఉండాల్సిందే. ఆ పెద్దరికమంటే ఆయనకు ప్రాణం. "ఇంట్లో పెద్దోడు ఉండాడని గ్యానం లేదా నీకు?" అని కొడుకును కసిరి, అంగడి అరుగు మీద కూర్చుని, చక్రాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కొక్క పంటినీ బొటనవేలితో తడిమాడు. చైను ఎత్తి ఎండకు పెట్టి చూశాడు.

"ఇంతకు ముందు ఎవురన్నా తోలినారా దీన్ని?"

"కొత్తది పెద్దాయనా, ఇప్పుడే డబ్బాలోనుంచి తీసినా."

"అందురూ అట్లే అంటారు. రేయ్, పరిగెత్తేది మనకెందుకురా? సేద్యగానికి లాగేది కావల్ల."

"కుప్పం పోతాండాం నాయనా, ఈమెకు ఉద్యోగం..." అని నసిగాడు మా ఆయన.

"ఉద్యోగం యాడికి పోతాది? ఆడే ఉంటాది."

పోతుంది మామా, అయిదింటికి పోతుంది! అని లోపల్లోపలే అరుచుకున్నాను. అంతటితో ఆగాడా మామ? ఎద్దుల్ని కొనేముందు బరువుబండికి కట్టి మిట్ట ఎక్కించి చూస్తారు కదా, అట్లా లాగి చూపించకుండా కొనేది లేదన్నాడు. అంగడాయన కాదనలేక తక్కువ పళ్ల చక్రమే బిగించి ఇచ్చాడు. బండి మీద మా ఆయన, మామ ఎద్దుల మేతకని సంతలో కొన్న చెనక్కాయల చెక్క మూట, దాని వెనక నేను, నా ఒళ్లో పెట్టె. నేనూ మూటా ఒక్కటే, ఇద్దరం బరువే! బజారు మిట్టమీదికి రెండుసార్లు ఎక్కించారు. పక్కనే మామ నడుస్తూ "బాగా లాగుతాంది, బాగా లాగుతాంది" అని మురిసిపోతున్నాడు. నాకు సిగ్గుతో తల పైకి లేవలేదు.

అప్పటికి మధ్యాహ్నం దాటిపోయింది. ఇక డబ్బిచ్చి కదులుతాం అనుకుంటే, మామ భుజం మీది తువ్వాలు తీసి తన చేతిమీదా అంగడాయన చేతిమీదా కప్పాడు. ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టి నొక్కి, ఎవరికీ తెలియకుండా బేరమాడతారు. మామ నొక్కుతాడు, కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు, తల అడ్డంగా తిప్పుతాడు, మళ్లీ నొక్కుతాడు. అంగడి గోడ మీది గడియారం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. నాకు ఏమొచ్చిందో తెలియదు, ఒక్క ఊపున పోయి ఆ తువ్వాలు లాగేశాను.

"ఇంక చాలు మామా! మీరు ఎద్దును కొంటాండారా, నా ఉద్యోగాన్ని అమ్ముతాండారా? మూటతో పాటు నన్నూ బజారంతా తిప్పితిరి. అయిదుకు నేను కుప్పంలో లేకుంటే నా కుర్చీలో ఇంగొకరు కూసుంటారు. అప్పుడు మీరొచ్చి ఇప్పిస్తారా?"

బజారు బజారంతా ఆగి చూసింది. తువ్వాలు తొలిగాక చూస్తే, మామ పిడికిట్లో అంగడాయన వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆయన నావైపు తిరిగి, "అమ్మా, ఈ వేళ్ల లెక్క నాకు తెలీదమ్మా. పెద్దాయన పట్టుకున్యాడు, ఇడిపించుకుంటే ఏమనుకుంటాడోనని ఊరికే ఉండా. రేటు డబ్బా మీదే అచ్చేసుండాది" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. మామ డబ్బిచ్చి, తువ్వాలు తీసుకుని దులుపుకుని, మూట ఎత్తుకుని, నావైపు చూడకుండా బస్టాండు దారి పట్టాడు.

చక్రం మళ్లీ మార్చే టైము లేదు. ఆ లాగే బండితోనే బయల్దేరాం. అది మిట్టలు ఎక్కడంలో దిట్టే, కాదనను. చదును రోడ్డు మీదే, యాక్సిలరేటరు ఎంత తిప్పినా గుక్కపట్టి ఏడ్చేది గానీ ముందుకు పోయేది కాదు. పెద్దపంజాణి ఇంకా రాకముందే బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీలో మామ తలపాగా కనిపించింది. ఇంటికి పోయి అత్తకు నా సంగతి ఎంత కారం పూసి చెబుతాడో అనుకున్నాను. బైరెడ్డిపల్లె దగ్గర పొద్దు వాలడం చూసి ఏడుపొచ్చింది. మా ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను.

కుప్పం చేరేసరికి అయిదు దాటిపోయింది. ఎందుకైనా మంచిదని లోపలికి పరిగెత్తాను. ఆఫీసరు సంచి భుజాన వేసుకుని, లేవలేకా కూర్చోలేకా ఉన్నాడు. ఎదురుగా కుర్చీ తలుపుకు అడ్డం జరుపుకుని మా మామ కూర్చున్నాడు.

"ఇదో సార్, వచ్చేసింది నా కోడలు. ఈ పొద్దు ఈయమ్మ అరిసిన అరుపు పుంగనూరు బజారంతా ఇనపడింది. పోన్లో మాట్లాడే ఉద్యోగానికి ఇంతకంటే గొంతు ఎవురికుంటాది సార్, మీరే సెప్పండి!"

ఆఫీసరు నవ్వు ఆపుకోలేక మళ్లీ కూర్చుని, కాగితం నా ముందుకు తోశాడు. పొద్దంతా నా కొంప ముంచిన మనిషి, చివరికి నా కొంప నిలబెట్టి తనను తిట్టే వీలు కూడా నాకు లేకుండా చేశాడే అని ఎంత ఉక్రోషం వచ్చిందో! ఆ ఉక్రోషంలో చెయ్యి వణికి, సంతకంలో చివరి అక్షరం జర్రున గీత దాటి కిందికి జారిపోయింది. సర్కారు కాగితం మీద ఒకసారి పడ్డాక ఇక అదే సంతకం. రిటైరయ్యే దాకా ప్రతి నెలా, ఆ జారుడుతో సహా, అట్లాగే పెట్టాను.

మొన్న పింఛను పనిమీద బ్యాంకుకు పోతే, కౌంటర్లో ఉన్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చివర్లో ఎందుకిట్లా జారిపోయింది మేడం, చెయ్యి వణుకుతాందా?" అని జాలిగా అడిగింది.

"అది ముసలితనం కాదు తల్లీ" అన్నాను, "మా మామ మీద కోపం."