సుగుణమ్మగారి దగ్గర చెల్లని బేరం

మా స్టీలు సామాన్ల అంగడి పక్కన ఈమధ్య కొత్త క్లినిక్కు తెరిచారు. వాళ్ళ తలుపు తీసినప్పుడల్లా స్పిరిటు వాసన మా అంగట్లోకొచ్చి, కొత్త గిన్నెల మధ్య కుక్కిన ఎండుగడ్డి వాసనతో కలుస్తుంది. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే నేను ధర చెప్తూ చెప్తూ ఆగిపోతాను. ఎదురుగా ఉన్న మనిషి, నేను తగ్గించబోతున్నానని ఆశపడతాడు. పాపం, నాకప్పుడు గుర్తొచ్చేది డాక్టర్ సుగుణమ్మగారు.

కర్నూలు పాత బజారులో మా వీధి చివరే ఆమె క్లినిక్కు. టోకెన్లు లేవు, ముందుగా పేరు రాయించుకోవడాలు లేవు. చెప్పులు విడిచి లోపలికి పోవడమే. జ్వరాలు, వాంతులు, తెగిన వేళ్ళు, బెణికిన మడమలు ఆమె సరుకు. ఒట్టి తుమ్ములతో వచ్చినవాళ్ళను ఇంటికి పంపేది. తన చేతిలో లేనిది కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తోలేది. వచ్చినవాళ్ళను వెనక్కి పంపే అంగడిని నేను అంతకుముందు చూడలేదు. ఈమె వ్యాపారం ఎట్లా సాగుతుందబ్బా అని చిన్నప్పుడు నాకు నిజంగానే దిగులుగా ఉండేది.

మా ఇంట్లో మాటలు రాకముందే నేర్పే చదువు ఒకటుంది: కావాలన్న సంగతి మొహంలో కనిపించకూడదు. కనిపించిందా, ధర పెరుగుతుంది. నా ఎనిమిదో తరగతిలో బేసిన్ అంచు తగిలి అరచెయ్యి చీరుకుపోయింది. గుడ్డ చుట్టుకుని ఒక్కదాన్నే ఆమె దగ్గరికి పోయాను. ఏమైందమ్మే అని అడిగింది. నోరు దాని అలవాటు ప్రకారం అది మాట్లాడింది.

"ఏం లేదు డాక్టరమ్మా, ఊరికే ఇట్ల పోతా పోతా వచ్చినా."

ఆమె నేల మీద పడుతున్న చుక్కలు చూసింది. "అట్లనా! నెత్తురు గూడ నీతో పాటు షికారుకొచ్చిందా?" అని, కుట్లు వేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను, ఏడుపు కనిపిస్తే కుట్లు ఎక్కువ వేస్తుందేమోనని.

ఆమె మా అంగడికి వస్తే మాత్రం నాయన తల పట్టుకునేవాడు. గడపలోనే నిలబడి, "సుబ్బయ్యన్నా, ఆ బిందె శానా బాగుండాది, నాకదే కావాల, ఎంత?" అనేది. అమ్మేవాడికి ఇంతకంటే పండగ ఉంటుందా? కానీ మా నాయనకు ఆట లేకుండా గెలవడం అవమానం.

"అట్ల చెప్తే ఎట్లమ్మా? ముందు సొట్ట ఉండాదనల్ల. తర్వాత వద్దనల్ల. గడప దాకా పోవల్ల. నేను పిలవల్ల. అప్పుడు గదా అసలు మాట!"

"ఆహా, ఇదా సంగతి!" అంది సుగుణమ్మగారు. "మీ వీధోళ్ళంతా నా దగ్గరికొచ్చి దగ్గు దగ్గు అని చెప్పి, మాత్రలు తీసుకోని, గడప కాడ వెనక్కి తిరిగి, 'అన్నట్టు, ఎదలో నొప్పి గూడ ఉండాది' అంటారన్నా. ఈ చదువు చెప్పిన పంతులు ఎవరో ఇప్పుడు తెలిసె."

నాయన దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

నా పెళ్ళయి, అంగడి నా చేతికొచ్చిన తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాయన గల్లాపెట్టె దగ్గర చెమటలో తడిసిపోయి కూర్చున్నాడు. గ్యాసు అన్నాడు. నిమ్మకాయ సోడా తాగాడు. తగ్గలేదు. పెద్దాసుపత్రి అంటే అంత దూరం, అంత వరస. సుగుణమ్మగారైతే పక్కనే, పోగానే చూస్తుంది. మా వీధి లెక్కలో ఇది గట్టి బేరమే. చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాను.

"కొంచెం గ్యాసమ్మా. పావలా వంతు నొప్పి," అన్నాడు నాయన.

"ఎడమ చెయ్యి లాగుతాండాదా? దవడ?"

"అదీ... పావలా వంతే."

"నీ పావలా అంటే రూపాయని నాకు తెల్దా?" అంటూ ఆమె అప్పటికే ఫోను తీసింది. "ఈడ గాదు. నూట ఎనిమిదిని పిలుస్తాండా. నేరుగా పెద్దాసుపత్రికి పోవల్ల."

నేను ఊరుకుంటే కదా. "అంత దూరం ఎందుకులే డాక్టరమ్మా, ఒక సూది వేసి చూడండి. తగ్గకుంటే రేపు పోతాం," అన్నాను. నాయన నాకంటే నేర్పరి. "సరేలేమ్మా, మేం వస్తాం," అని లేచి, ఆగి ఆగి గడప వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆ నడక నాకు తెలుసు. పిలుపు కోసం నడిచే నడక.

"నడవద్దు! కూర్చో!" అని సుగుణమ్మగారు అరిచిన అరుపుకు బయట రిక్షా ఆగింది.

నాయన నా వైపు తిరిగాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి, కళ్ళలో మాత్రం గెలుపు. "చూస్తివా? పిలిచె."

ఆమె నవ్వలేదు. అంతవరకూ ఆమె నవ్వని మొహం నేను చూడలేదు. నాయనను కూర్చోబెట్టి, ఒక మాత్ర నమిలించి, నా భుజం పట్టుకుని మెల్లగా అంది: "అమ్మే, వేలు తెగితే రా, కడుపు జారితే రా, కాలు మడతపడితే రా. ఇది గుండె. నేనీడ ఒక సూది వేసి కూర్చోబెడితే, మీ నాయనకు మిగిలుండే టైము నేను తినేసినట్టు. దీంట్లో రెండో మాట లేదు."

నేను బేరం వదిలేసి నాయన పక్కన కూర్చున్నాను. బండి వచ్చేదాకా నాయన చెయ్యి వదల్లేదు. పెద్దాసుపత్రిలో, ఇంకాస్త ఆగివుంటే కష్టమయ్యేదన్నారు. తేరుకున్నాక నాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆయమ్మ నన్ను ఎందుకు పిలిచెనే, తగ్గించేది లేకపోతే?" అంగట్లో మళ్ళీ చాలా ఏళ్ళే కూర్చున్నాడు. సుగుణమ్మగారు ఆయనకంటే ముందే కన్నుమూసింది. ఆమె క్లినిక్కులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

నేను ఇప్పటికీ బిందెకు, గరిటెకు గంటసేపు గొంతు చించుకుంటాను. మనిషి ఒంటి సంగతి వస్తే మాత్రం ఆమె గొంతే నాలోంచి వస్తుంది. మొన్న పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన కూతురిని వెంటబెట్టుకుని, ఆమె కోసం కుక్కరు కొనడానికి వచ్చాడు. బేరం మంచి రంజుగా ఉంది. ఉన్నట్టుండి ఆయన ఎద రుద్దుకున్నాడు. నుదుటి మీద చెమట.

"ఏమైందప్పా?" అన్నాను.

"ఏం లేదులేమ్మా. పావుగంట నించి ఊరికే ఇట్ల పట్టేసినట్టుండాది. నువ్వు ధర చెప్పు."

"నువ్వడిగిన ధరకే తీసుకోప్పా. ముందు కూర్చో," అని ఫోను తీశాను.

బండి వచ్చింది. ఆయనను ఎక్కిస్తుంటే, పడుకున్నవాడే తల ఎత్తి, కుక్కరు మోసుకొస్తున్న కూతురితో గొణిగాడు: "మూత బాగ చూడు పాపా. ఆయమ్మ ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఇచ్చేసె. ఏదో లోపం ఉండాది."